క్యూ ఏ కంటి కింద ఉండాలి

2006 వేసవిలో నన్ను నాచారంలోని ఒక ఫ్యాక్టరీ రిక్రియేషన్ క్లబ్‌లో హెడ్ మార్కర్‌గా వేశారు. మార్కర్ పాయింట్లు రాస్తాడు, పూల్ బల్ల మీది బట్టను బ్రష్ చేస్తాడు, బంతిని కొట్టే కర్రల, అంటే క్యూల, కొనలు సరిచూస్తాడు. హెడ్ మార్కర్ వీటికి తోడు ఆట కూడా నేర్పాలి. పొద్దున పారాయణం ముగించుకుని బోడుప్పల్ నుంచి బస్సులో వచ్చేవాణ్ణి. మా సత్సంగంలో కొందరికి పూల్ అంటే జూదమే. నాకు మాత్రం అది దేవుడు అన్నం పెట్టించిన బల్ల.

ఆ ఏడు ఫ్యాక్టరీల పోటీకి మా జట్టులో ఒక్క చోటే ఖాళీ. శనివారం సెలెక్షన్. మల్లాపూర్‌లో ఉండే, లేత్ మీద పనిచేసే టర్నర్ సాయిలు దాని మీదే ఆశ పెట్టుకున్నాడు. అతను టెంపరరీ. పర్మనెంట్ చేసేటప్పుడు మేనేజ్‌మెంట్ జట్టులో ఉన్నవాళ్లను ముందు చూసేది. ఉప్పల్ పూల్ పార్లర్‌లో అతని గురికి పేరుండేది. అలాంటివాడు ఆ వారం దూరం బంతి ఒక్కటీ వేయలేకపోయాడు. కొట్టిన ప్రతి బంతీ తాను పడాల్సిన మూల పాకెట్‌కు ఒకే వైపు తగిలి వెనక్కి వస్తోంది.

తోటి టర్నర్ యాదగిరి నవ్వాడు. "బావా, నీకు దిష్టి తగిలింది. క్యూకు నిమ్మకాయ కట్టు."

"నువ్వు జర నోర్ముయ్. శనివారం పోతే మళ్ళ టెంపరరీనే," అని సాయిలు నా వైపు తిరిగాడు. "ఏం జెయ్యాలె సార్? టీవీల సూసి తల గూడ సక్కగ పెడుతున్న."

నిజమే, గడ్డం నడిమధ్యను క్యూకు ఆనించి కొలిచినట్టు వంగుతున్నాడు. క్యూ మార్చి చూడమన్నాను. స్టాండులోంచి ఇంకోటి తీసి, ఇనుప కడ్డీ వంకర చూసే అలవాటుతో కంటి దగ్గరికి ఎత్తాడు. ఎత్తింది ఎడమ కంటికి. ఆడేదేమో కుడిచేత్తో.

రెండు కళ్లున్నా గురిలో ఒకటే ముందుంటుంది. తేల్చుకోవడానికి, చేతులు చాపి అరచేతుల మధ్య సందులోంచి గోడ గడియారాన్ని చూడమన్నాను. కుడి కన్ను మూస్తే గడియారం కనబడుతూనే ఉంది. ఎడమ కన్ను మూయగానే, "పోయింది సార్!" అన్నాడు.

అతని తలను కొద్దిగా కుడికి జరిపి, క్యూ ఎడమ కంటి కిందకు వచ్చేలా చేశాను.

"గిదేంది, మెడ పట్టేసినోని లెక్క," అన్నాడు యాదగిరి.

మొదటి బంతి తప్పింది. తర్వాతివి పడ్డాయి. పార్లర్‌లో గిట్లనే నిలబడేటోన్నని సాయిలుకు అప్పుడు గుర్తొచ్చింది. ఈ మధ్య టీవీ చూసి తనను తాను దిద్దుకోబోయే గురి చెడగొట్టుకున్నాడు.

శనివారం ఆట ఆఖరిదైన నల్ల బంతి దాకా వచ్చింది; అది వేస్తే గెలుపే. బల్ల పొడవునా కొట్టాలి. సెలెక్షన్‌కు కూర్చున్న క్లబ్ సెక్రటరీ ఉండబట్టలేక, "తల సక్కగ పెట్టవయ్యా, గట్ల వంకర పెడితే ఎట్ల పడ్తది?" అన్నాడు. సాయిలు లేచి నా వైపు చూశాడు. ఆట నడుస్తుండగా మార్కర్ సలహా చెప్పకూడదు. నేను స్కోరు బోర్డు వైపు తిరిగి మనసులో దైవాన్ని తలచుకున్నాను. వెనక బంతి పాకెట్‌లో పడిన చప్పుడు వినిపించింది. తిరిగి చూస్తే అతని తల ఇంకా కుడికే ఉంది.

చోటు దొరికింది. మరుసటి ఏడు పర్మనెంట్ ఆర్డరూ వచ్చింది. ఆ కడ్డీ చూపును నా కంట పడేలా చేసినందుకు దేవుడికి ఇప్పటికీ కృతజ్ఞుణ్ణి. ఆ తర్వాత రిటైరయ్యేదాకా, ఏ కన్ను ముందుందో తెలుసుకోకుండా ఎవరి తలా సరిచేయలేదు. దేవుడు ఒక్కొక్కరికి ఒక్కో కన్ను ముందు పెట్టాడు. నేర్పేవాడు చేయగలిగింది, తలను దాని వెంట నడపడమే.