మగ్గాల సైగ

మారథాన్‌ను మూడున్నర గంటల్లోపు పూర్తిచేయాలన్నది నా లక్ష్యం. పని మీద సూరత్ వెళ్ళినా, అక్కడి బమ్రోలి ప్రాంతంలో పొద్దున్నే సాధన చేసేవాణ్ణి. మరమగ్గాల కార్మికుడు, జగిత్యాల సాయిలన్న తోడుగా పరిగెత్తేవాడు. సాధన చివర్లో వేగంగా పరిగెత్తాల్సినప్పుడు ప్రతిసారీ అలసి ఆగిపోయి, గడియారం ఆపేసి, గదికి నడిచేవాణ్ణి.

ఒకరోజు అలాగే ఆగితే, ముందున్న సాయిలన్న వెనక్కి తిరిగి రెండు వేళ్ళు మెలితిప్పి చూపాడు.

"ఏంటన్నా అది?"

"మగ్గాల సప్పుడుల మాట ఇనబడదు తమ్మీ. దారం తెగితే ముడెయ్యమని గిట్ల సైగ జేస్తం. తెగిందని బట్టంత పారేస్తమా ఏంది? ఉరుకు!"

గడియారం ఆపకుండా మళ్ళీ పరుగందుకున్నాను. ఈసారి మలుపు దగ్గర రొప్పుతూ ఆగింది అతనే. నేను వెనక్కి తిరిగి రెండు వేళ్ళు మెలితిప్పాను.

"నాకే నేర్పుతవా!" అని నవ్వుతూ కదిలాడు. చివరిదాకా ఇద్దరం ఆగలేదు.