యోనా చెవులు

ముప్పై ఏళ్లు బొగ్గుబాయిలో పైకప్పును కడ్డీతో తట్టి, చప్పుడును బట్టే అది ఆగుతుందో కూలుతుందో చెప్పిన మనిషి యోనా. రిటైరయ్యాక, కూతురు సారిక హైదరాబాదులో ఒకసారి సీసాల్లాంటి పది పిన్నులను బంతితో పడగొట్టే బౌలింగ్ ఆట ఆడించిందే పాపం, నెలనెలా రామగుండంలో రైలెక్కుతున్నాడు.

"ఈ వయసుల నీకు గీ పిల్లలాటేందయ్యా?" అని సణుగుతూనే ఈసారి భార్య సుసన్నా కూడా వెంట వెళ్లింది.

యోనా బరువైన బంతిని దొర్లించి, అది పిన్నులను తాకకముందే వెనక్కి తిరిగి కళ్లు మూసుకున్నాడు. దడదడమని చప్పుడు.

"పదికి పది," అన్నాడు.

సుసన్నా చూసింది. ఒక్క పిన్నూ నిలబడి లేదు.

మళ్లీ వేశాడు. "తొమ్మిది పడ్డయి. ఎడమ మూలకు ఒకటుంది."

నిజంగానే ఉంది! ఇన్నేళ్లూ ప్రతి షిఫ్టు నుంచీ అతన్ని ప్రాణాలతో ఇంటికి చేర్చింది తన ప్రార్థనలే అనుకుంటూ వచ్చింది ఆమె.

ఆట ముగిసేసరికి రెండు వందల మూడు పాయింట్లు. అంతకుముందు యోనా ఎన్నడూ రెండు వందలు దాటలేదు. అక్కడివాళ్లందరూ చప్పట్లు కొట్టి, అతని పేరు రాసిన పిన్నును బహుమతిగా చేతికిచ్చారు.

"ఇగో సుసన్నా, ఎట్లుంది?"

ఆమె పిన్ను వైపు చూడనే లేదు. అందరి ముందే రెండు చేతులూ చాచి, అతని చెవులను మెల్లగా తడిమింది.