కిటికీలోంచి వేసిన బ్యాగు

అయినదానికీ కానిదానికీ భయపడటం నేను తగ్గించుకున్నది కాలేజీకి పోయే బస్సులోనే.

జమ్మలమడుగు బస్టాండులో సీటు కోసం కిటికీలోంచి బ్యాగు వేయడం మా అలవాటు. ఆ రోజు అది లోపలున్న ఒక పెద్దాయన భుజానికి తగిలింది. ఆయన దాన్ని తీసి పక్క సీట్లో పెట్టాడు. నేను అక్కడే కూర్చోవాల్సి వచ్చింది.

దారంతా ఆయన నన్ను ఓరగా చూస్తూనే ఉన్నాడు. అందరి ముందూ తిడతాడేమో, కాలేజీకి వచ్చి చెబుతాడేమో, నాన్న చదువు మాన్పిస్తాడేమో అని బ్యాగును గట్టిగా పట్టుకుని ముందుకే చూస్తూ కూర్చున్నాను.

ప్రొద్దుటూరు రాగానే ఆయన నావైపు వంగాడు. నేను కళ్లు మూసుకున్నాను.

"పాపా, పెద్దాసుపత్రికి యాడ దిగాల? ఎక్కినప్పట్నుంచి అడగాలనుకుంటాండా. నీ మొగం జూస్తే భయమైతాంది," అన్నాడు.