బోర్డు మీద సెలవు

ఒడిశా బరంపురంలో, హల్దియాపదర్ వైపు ఒక చిన్న రొట్టెల ఫ్యాక్టరీలో ఇరవై ఏళ్లు సూపర్‌వైజర్‌గా చేశాను. ఎవరు ఏ పూట రావాలో, ఎవరికి సెలవు దొరుకుతుందో అంతా నా నోటి మాటే. పొంగిన పిండి ఎవరి కోసమూ ఆగదు కదా, నేనూ ఎవరి కోసమూ ఆగేవాణ్ణి కాదు. అదే గొప్ప అనుకునేవాణ్ణి, నా మొహం!

భట్టీలో రొట్టెలు కాల్చే మనిషి నాకంటే పెద్దవాడు. ఆంధ్రా సరిహద్దు పల్లె నుంచి వచ్చాడు. అయినా ఇంట్లో అతని మాట వస్తే ‘వాడు’ అనే అనేవాణ్ణి. ఒకసారి చేతులు కట్టుకుని వచ్చి నిలబడ్డాడు.

"మాయమ్మకి బాగోనేదు బాబూ. రెండ్రోజులు ఎల్లొస్తాను."

"పండగ సరుకుంది. ఎల్లుండి చూద్దాం" అన్నాను.

ఎల్లుండి దాకా ఆమె ఆగలేదు. అతను మళ్లీ ఆ మాట ఎత్తలేదు. నేనూ ఎత్తలేదు.

కొన్నేళ్లకు ఫ్యాక్టరీ యజమాని కొడుకు చేతికి వచ్చింది. "ఇక సూపర్‌వైజరంటూ ఎవరూ ఉండరు. పనీ సెలవులూ అందరూ కలిసి పంచుకోండి. మీరూ వాళ్లలో ఒకరు" అని అందరి ముందూ నాతో అన్నాడు. తల తీసేసినట్టయింది.

గోడకు నల్లబోర్డు వచ్చింది. ఎవరి పేరు వాళ్లే రాసుకోవాలి. సెలవు కావాలంటే బదులు వచ్చే మనిషిని కుదుర్చుకోవాలి. మొదటి వారం వాళ్లు రాసిందంతా చెరిపేసి నేను రాశాను. ఎవరూ పోట్లాడలేదు. టీ తాగి వచ్చేసరికి మళ్లీ వాళ్ల రాతే ఉంది. ఒళ్లు మండిపోయింది. అంతకన్నా మండిందేమిటంటే, ఒక్క రొట్టె మాడలేదు, ఒక్క బండీ ఆలస్యం కాలేదు. చివరికి నేనూ రొట్టెలకు కాగితం చుట్టే పనిలో కూర్చున్నాను.

ఆ ఏడే ఒకరోజు మా ఆవిడకు ఆపరేషన్ అన్నారు. మర్నాడు పొద్దున్నే. సుద్దముక్క పట్టుకుని బోర్డు ముందు నిలబడ్డాను. నా బదులు వస్తావా అని ఎవరినో ఒకరిని అడగాలి. ఇన్నేళ్లూ అడిగించుకున్నవాణ్ణి, అడగడం చేతకాలేదు.

భట్టీ మనిషి వెనకనుంచి వచ్చాడు. "ఏటి బాబూ, అలాగుండిపోయారు?"

చెప్పాను. మర్నాడు అతనికి సెలవు. నా చేతిలోంచి సుద్ద తీసుకుని, సెలవు గడిలో తన పేరు చెరిపి నా పేరు రాశాడు. నా పని దగ్గర తన పేరు రాసుకున్నాడు.

సిగ్గుతో చచ్చిపోయాను. "ఆ రోజు నిన్ను నేను పంపలేదు" అన్నాను.

"పంపనేదు" అన్నాడు నా మొహంలోకి చూసి. "అందుకే సెప్తన్నాను. మనిసి ఉన్నప్పుడే ఎల్లాల. ఎల్లండి."

మర్నాడు ఆపరేషన్ గదిలోకి తీసుకెళ్లేదాకా మా ఆవిడ చెయ్యి వదల్లేదు నేను.

"మీకు సెలవెవరిచ్చారు?" అంది.

"భట్టీ దగ్గర పనిచేస్తారే, ఆయన."

"ఏ ఆయన?" అంది. ఆవిడకు నిజంగానే అర్థం కాలేదు.