ఆ గొళ్ళెం అత్త పెట్టలేదు

మా మేనత్త పోయింది. మొన్న గురువారం పొద్దున చండ్రుగొండ నుంచి ఫోన్ వచ్చేసరికి, ఖానాపురం హవేలిలో మా ఇంట్లో కుక్కర్ మూత పెడుతున్నాను. "అత్త ఇక లేదు బిడ్డా, జల్దీ రా" అన్నారు పాస్టరు గారు. స్టవ్ ఆపేసి నేల మీద కూర్చున్నాను. ఏడుపు రాలేదు. మొదట వచ్చింది, చెప్పుకోవడానికి సిగ్గుగా ఉంది, ఒక రకమైన నిశ్చింత. నా సంగతి తెలిసిన ఒక్క మనిషీ పోయిందనుకున్నాను.

చండ్రుగొండలో ఆమె గురించి అందరూ చెప్పే మాట ఒకటే. మొగుణ్ణి లోపల పెట్టి, బయట గొళ్ళెం వేసి, నాటకానికి పోయినామె. ఆ మాట అబద్ధమని చెప్పడానికే ఇది రాస్తున్నాను.

ఏటా వేసవిలో అక్కడి హైస్కూలు మైదానంలో వారం రోజులు నాటకాలు ఆడేవారు. మా మామ వాటిలో ఏళ్ల తరబడి రాజు వేషం కట్టాడు. గొంతు క్యాన్సర్ వచ్చి, పట్నం దవాఖానా వాళ్లు చేతులెత్తేసి ఇంటికి పంపేశారు. ముక్కులో గొట్టం, అందులోంచి జావ. మాట పూర్తిగా పోయింది. ఏం చెప్పాలన్నా పలక మీద రాసేవాడు. డిగ్రీ సెలవుల్లో నేను సాయానికి వెళ్లాను.

నాటకాలు మొదలైన సోమవారం పలక మీద ఇలా రాశాడు: "మామిడికాయ పప్పు వండు. పిల్ల తింటది, నేను చూస్త." అత్త ఎదురు చెప్పలేదు. మంచం పక్కన పీట వేసి నాకు వడ్డించింది. ఏడుస్తూనే ముద్ద కలిపాను.

"ఏడ్చుకుంట తింటే ఆయనకేం తెలుస్తది రుచి? మంచిగ నమిలి చెప్పు" అని కసిరింది.

చెప్పాను. పులుపు సరిపోయింది, మిరపకాయ ఒకటి ఎక్కువైంది. మామ కళ్లు మూసుకుని తల ఊపాడు. మర్నాడు చింతచిగురులో ఎండురొయ్యలు. తర్వాత నాటుకోడి, ఇంకోరోజు చేపల పులుసు. అత్త ఎప్పుడూ ఉప్పు నాలుక మీద వేసుకుని చూసేది కాదు. గిన్నె మీదికి వంగి వాసన పట్టి "చాలు" అనేది. ఆ వారమంతా ఒక్క కూరలోనూ ఉప్పు తప్పలేదు.

సాయంత్రాలదీ అదే పద్ధతి. ఆయన పోలేడు కాబట్టి ఆమె పోవాలి. ఆమె పోనంటే మామ పలకతో మంచంకోడు మీద టకటకా కొట్టేవాడు. వచ్చాక ఆమె పక్కన కూర్చుని నాటకం మొత్తం వేషాలతో సహా చెప్పేది. "రాజుకు పొట్టొచ్చింది. కిరీటం కంటె ముందు అదే వచ్చింది స్టేజి మీదికి. నువ్వుంటే గిట్ల అయ్యేది కాదు" అనేది. మామ నవ్వుకు చప్పుడు లేదు. భుజాలు మాత్రం ఊగేవి.

శనివారం ఆమె ఆరింటికి వెళ్లింది. నాకు విసుగొచ్చింది. ఇంతకన్నా మంచి కారణం లేదు, వెతకను కూడా. ఐదు సాయంత్రాలు మందుల వాసనలో కూర్చున్నాను. మైదానం నుంచి జనం నవ్వులు వినిపిస్తున్నాయి. మామకు నిద్ర పట్టింది. కుక్కలు దూరతాయని బయట గొళ్ళెం పెట్టి, పది నిమిషాల్లో వద్దామని వెళ్లాను. నాటకం అయిపోయేదాకా కూర్చున్నాను.

మైదానం గేటు దగ్గర అత్త నన్ను చూసింది. "నువ్వెందుకొచ్చినవే? మామ దగ్గర ఎవరున్నరు?"

ఇద్దరం పరుగెత్తాం. గొళ్ళెం తీసి తోస్తే తలుపు రాలేదు. లోపల మామ తలుపుకు ఆనుకుని పడి ఉన్నాడు. గొట్టం ఊడి ఉంది, ఊపిరి లేదు. గొంతున్న మనిషైతే ఒక్క కేకైనా వేసేవాడు.

జనం చేరారు. "గొళ్ళెం ఎవరు పెట్టిన్రు?" అని ఎవరో అడిగారు.

నేను నోరు తెరిచేలోపే అత్త అంది, "నేనే పెట్టిన. పిల్లను గూడ నాతోని తీస్కపోయిన."

ఆ తర్వాత చర్చి విందులకు ఆమెను వంటకు పిలవడం మానేశారు. ఆమె చేతి కూరను మెచ్చుకున్నవాళ్లే ఆమె పంపిన గిన్నెను మూత తీయకుండా తిప్పి పంపారు. నా పెళ్లికి వచ్చి ఆఖరి వరుసలో కూర్చుంది. ఒకసారి నేను నిజం చెప్పేస్తానంటే "నీ సంసారం నువ్వు చూస్కో పో" అని కోప్పడింది. ఆ కోపాన్ని అడ్డం పెట్టుకుని ఇన్నేళ్లూ హాయిగా బతికాను. ఆమెకు నేను పడ్డ రుణం కృతజ్ఞత అనే మాటతో తీరేది కాదు.

మొన్న సమాధి మీద గుప్పెడు మట్టి వేసి ఇంటికొచ్చాక, వాకిట్లో ఆడవాళ్లు మళ్లీ అదే మాట ఎత్తారు. ఈసారి ఆగలేకపోయాను. "ఆ గొళ్ళెం పెట్టింది నేను" అన్నాను. ఒక్కొక్కరే లేచి వెళ్లిపోయారు. ఎదురింటి ముసలామె మిగిలింది. మోకాళ్ల నొప్పులతో ఏ నాటకానికీ వెళ్లకుండా ఎప్పుడూ వాకిట్లోనే కూర్చునే మనిషి, ఆరోజు మాత్రం సమాధి దాకా వచ్చింది. మెల్లగా వచ్చి నా పక్కన కూలబడింది.

"నువ్వు గొళ్ళెం పెట్టంగ నేను చూసిన బిడ్డా" అంది.

"మరి ఎవరికీ ఎందుకు చెప్పలే అవ్వా?"

"తెల్లారి మీ అత్తొచ్చి నా కాళ్లు పట్టుకున్నది. పెండ్లి కావాల్సిన పిల్ల, దాని పేరు రానియ్యకు, నా పేరే చెప్పు అన్నది. చెప్పిన. ఇల్లిల్లు తిరిగి చెప్పిన. నమ్మాలె గద అని, లేనివి గూడ కలిపి చెప్పిన."

లోపలి నుంచి ఎవరో చెంబుతో నీళ్లు తెచ్చి మా ముందు పెట్టారు, చేతులు కడుక్కోమని. సమాధి మట్టి ఇద్దరి వేళ్లకూ ఇంకా అంటుకునే ఉంది. ఇద్దరిలో ఎవరమూ చెంబు ముట్టలేదు.