ముందే చెప్పిన స్తోత్రం

వెర్లీన్ గాడిస్ బస్సెక్కే ముందు ఎడమ చేత్తో కమ్మీ పట్టుకుని, కుడి మోకాలిని అరచేత్తో ఒకసారి నిమిరి, "పద ముసలమ్మా" అనేది. ఆ తర్వాతే మెట్టు మీద కాలు పెట్టేది. మోకాలు తనకంటే ముందు పుట్టినట్టు మాట్లాడేది దానితో. అప్పటికి ఆమెకు యాభై దాటి ఎంతో కాలేదు.

మా యార్డు మెంఫిస్ ఊరి దక్షిణపు కొసన, రైలు పట్టాల పక్కన ఉంది. పసుపు రంగు బడిబస్సులు వరసగా నిలబడి ఉంటాయి. నడిపేవాళ్ళం దాదాపు అందరం నల్లవాళ్ళం, అందులోనూ ఆడవాళ్ళమే ఎక్కువ. యార్డు మధ్యలో రేడియో గది, దానికి పెద్ద గాజు కిటికీ. ఏ బస్సు ఎక్కడుందో, రానివాళ్ళ రూటు ఎవరు తిప్పాలో అన్నీ అక్కడే తేలుతాయి. ఆ గదిలో కూర్చున్న మనిషే మాకు సూపర్‌వైజరు. అప్పటిదాకా నేను చూసినంతలో ఆ కిటికీ వెనక కనిపించిన మొహాలన్నీ తెల్లవే.

వెర్లీన్ ఈ యార్డుకి చిన్నపిల్లల్ని చెయ్యి పట్టుకుని బస్సెక్కించే ఆయాగా వచ్చింది. తర్వాత నడపడం నేర్చుకుని ఏడో నంబరు రూటు తీసుకుంది. అది వాళ్ళ వీధి మీదుగానే పోతుంది. ఆమె బస్సులో బడికి పోయిన పిల్లలు పెద్దవాళ్ళై, వాళ్ళ పిల్లలూ అదే బస్సెక్కారు. అల్లరి చేసేవాణ్ణి అద్దంలోంచి చూసి, "ఒరేయ్, మీ అమ్మ కూడా ఆ సీటు కిందే గమ్ అంటించేది. ఇప్పుడు నీకు నీతులు చెబుతోందా లేదా?" అనేది. వాడు సిగ్గుపడి కూర్చునేవాడు.

కొత్తగా చేరినవాళ్ళను ఆమెకే అప్పగించేవారు. డెనీషా అనే పిల్ల మొదటిసారి బస్సు వెనక్కి తిప్పుతూ భయంతో కళ్ళు మూసుకుని ప్రార్థన మొదలుపెట్టింది. "ముందు అద్దం చూడు తల్లీ, దేవుణ్ణి తర్వాత చూద్దువుగాని" అంది వెర్లీన్. ఆ మాట మా యార్డులో ఇప్పటికీ నడుస్తోంది.

ఒక జనవరిలో రేడియో గదిలోని పెద్దమనిషి పని మానేసి ఊరు వదిలి వెళ్ళిపోయాడు. మేనేజరు రెన్‌ఫ్రో వెర్లీన్‌ను పిలిచి, ఇంకొకరిని చూసేదాకా ఆ కుర్చీలో కూర్చోమన్నాడు. ఆయన ఆమెను పేరు పెట్టి పిలిచేవాడు, ఆమె ఆయన్ని మిస్టర్ రెన్‌ఫ్రో అనేది. మా దగ్గర తెల్లవాళ్ళతో అంతే.

మర్నాడు గాజు కిటికీ వెనక మిస్ వెర్లీన్ కనిపించింది. చర్చికి తొడుక్కునే ఊదారంగు కోటు వేసుకుని, చెవులకు రేడియో తగిలించుకుని కూర్చుంది. మేం బస్సులు బయటికి తీస్తూ ఒక్కొక్కరం హారను కొట్టాం. "ఆపండర్రా, పెళ్ళి కాదిది!" అని రేడియోలో కసిరింది గానీ ఆ గొంతులో నవ్వు దాగలేదు.

ఆమెకు ఆ కుర్చీ కావాలి. మోకాలు అరిగిపోయిందని డాక్టరు చెప్పాడు. రోజంతా బ్రేకు తొక్కే పని ఇక ఎన్నాళ్ళో సాగేది కాదు. ఇంకో సంగతి అంతకుముందే ఒకసారి కాఫీ తాగుతూ నాతో అంది. "నేను నేర్పినవాళ్ళు యార్డు నిండా ఉన్నారు. నా పైన సూపర్‌వైజర్లుగా కూర్చున్నవాళ్ళకి కూడా నేనే నేర్పాను. ఒక్కసారి ఆ కిటికీకి ఇవతల నుంచి కాకుండా అవతల నుంచి చూడాలని ఉంది, అంతే."

ఇక్కడ మా వరస గురించి చెప్పాలి. ముందు చేరినవాళ్ళు వరసలో ముందుంటారు. ఆగస్టులో బడులు తెరిచే ముందు శనివారం అందరం భోజనాల గదిలో చేరతాం. గోడ మీద బస్సు తాళాలు వేలాడుతుంటాయి, ఒక్కో తాళం ఒక్కో రూటు. వరస ప్రకారం పేరు పిలిస్తే వెళ్ళి నచ్చిన తాళం తీసుకోవాలి. వెర్లీన్‌ది మూడో పేరు. అయితే ఆఫీసులోకి వెళ్ళినవాళ్ళు వేసవికి బడులు మూసే రోజులోగా తిరిగి వస్తేనే వాళ్ళ చోటు వాళ్ళకుంటుంది. ఆ రోజు దాటితే వరసలో చిట్టచివరికి పోతారు. ఈ నియమం కంపెనీ పెట్టింది కాదు, మేమే పెట్టుకున్నది. ఆఫీసులో కులాసాగా గడిపి వచ్చి మంచి రూట్లు ఎగరేసుకుపోతున్నారని ఒకప్పుడు యూనియన్‌లో ఓటు పెట్టాం. చేతులెత్తినవాళ్ళలో వెర్లీన్ కూడా ఉంది.

రేడియో గదిలో ఆమె పని బాగానే సాగింది. కానీ రెన్‌ఫ్రో అప్పుడప్పుడు పిలిచి ఏదో ఒకటి చెప్పేవాడు. అది మా దగ్గరికొచ్చి చెప్పి నవ్వేది. "మార్చిలో నా గొంతు పెద్దదన్నాడు. మేలో మీతో మరీ మెత్తగా ఉన్నానన్నాడు. ఏప్రిల్‌లో సరిగ్గా ఉన్నట్టున్నాను, ఆ నెల ఆయన సెలవులో ఉన్నాడు."

ఆ ఏప్రిల్‌లోనే, ఆదివారం ఆరాధనలో, దేవుడు చేసిన మేలు లేచి చెప్పుకునే సాక్ష్యాల వేళ, వెర్లీన్ లేచి నిలబడింది. ఆ పని పక్కాగా ఇచ్చే ముందు ఇంటర్వ్యూ ఉంటుందనీ, అది వేసవిలో జరుగుతుందనీ అప్పటికి తెలుసు. మా చర్చిలో ఒక అలవాటుంది. అడిగింది ఇంకా చేతికి రాకముందే, వచ్చినట్టే నమ్మి, అందరి ముందూ దేవుడికి స్తోత్రం చెబుతాం. అలా చెప్పడమే విశ్వాసం. వెర్లీన్ టోపీ సర్దుకుని, "రేడియో గది కుర్చీ నాకిచ్చినందుకు ప్రభువుకి స్తోత్రం!" అంది. "ఇచ్చినందుకు" అంది, "ఇవ్వబోతున్నందుకు" అనలేదు. చర్చంతా లేచి చప్పట్లు కొట్టింది. ముందు బెంచీలో తెల్లబట్టల్లో కూర్చున్న పెద్దావిడ మదర్ పెట్‌వే, "నీ పేరు రాసి పాకం కేకు చేస్తాను బిడ్డా!" అని అరిచింది.

బడులు మూసే వారం వచ్చింది. యూనియన్ పనులు చూసే బ్రదర్ క్లియోఫస్ రేడియో గది గుమ్మంలో నిలబడ్డాడు. నేను సెలవు అడగడానికి వెళ్ళి అక్కడే ఉన్నాను.

"సిస్టర్ గాడిస్, శుక్రవారంలోగా వరసలోకి వచ్చెయ్. ఇంటర్వ్యూ డ్రైవరుగా ఉండి కూడా ఇవ్వొచ్చు."

"లోపల ఉన్నవాళ్ళకే మొగ్గు ఉంటుందన్నాడు మిస్టర్ రెన్‌ఫ్రో. ఇప్పుడు లేచిపోతే కుర్చీ వద్దన్నట్టే కదా. ఇంటర్వ్యూ ఏదో మొక్కుబడికన్నాడు."

"కాయితమ్మీద అన్నాడా?"

"నోటితో."

"నోటితో నేను కూడా సన్నగా ఉంటాను" అన్నాడు క్లియోఫస్ తన పొట్ట తడుముకుంటూ. ఆమె నవ్వలేదు. ఆయన గొంతు తగ్గించాడు. "ఇరవై ఏళ్ళ వరస అది. ఒక్కసారి కాలు బయటపెట్టావంటే మూసుకుపోద్ది. నేను తెరుద్దామన్నా తెరుచుకోదు."

వెర్లీన్ కిటికీలోంచి బస్సుల వైపు చూసింది.

"స్తోత్రం చెప్పేశాను బ్రదర్ క్లియోఫస్. మీరూ ఆమెన్ అన్నారు. ఇప్పుడు వెనక్కొచ్చి కూర్చుంటే, ఆదివారం ఏ మొహం పెట్టుకుని లేచి నిలబడను? దేవుడిచ్చాడు గానీ, ఎందుకైనా మంచిదని పాత కుర్చీ కూడా పట్టుకున్నానని చెప్పనా?"

క్లియోఫస్ టోపీ తీసి తల గోక్కున్నాడు. చర్చిలో ఆయన డీకను, పాస్టరుగారి తర్వాతి పెద్ద. టోపీ మళ్ళీ పెట్టుకుని వెళ్ళిపోయాడు. శుక్రవారం దాటిపోయింది.

ఇంటర్వ్యూ రోజున మదర్ పెట్‌వే అన్న ప్రకారం కేకు చేసింది. మూడంతస్తులు, పైన పాకం పూత, దాని మీద తెల్లటి అక్షరాలతో వెర్లీన్ పేరు. కబురు వచ్చాక కోద్దామని చర్చి వంటగదిలోని ఫ్రీజర్‌లో దాచింది.

కబురు ఒక మంగళవారం వచ్చింది. నేను బస్సు కడుగుతున్నాను. వెర్లీన్ రెన్‌ఫ్రో గదిలోంచి బయటికొచ్చి, ఎండలో నా బస్సు నీడకు వచ్చి నిలబడింది.

"చాలా దగ్గరగా వచ్చానంట" అంది.

"దేనికి?"

"దానికే. నేను రెండోదాన్నట. ట్రెంట్ అని ఒకతను వస్తాడు, గోడౌనులో పనిచేసినవాడట. డ్రైవర్లకి నేను మరీ దగ్గరి మనిషినట, పైన కూర్చునేవాళ్ళకి కొంచెం దూరం ఉండాలట." పైపు నా చేతిలోంచి తీసుకుని బస్సు చక్రం మీద నీళ్ళు కొట్టింది. "అతనికి పని నేర్పమన్నాడు. నీకంటే బాగా ఎవరు నేర్పుతారు వెర్లీన్ అన్నాడు. అది మాత్రం నిజమే చెప్పాడు."

"నేర్పకు! పొమ్మను!"

"నేను నేర్పకపోతే దారి తప్పేది మీరు పిల్లా. బస్సుల్లో ఉండేది మన పిల్లలు."

ట్రెంట్ చెడ్డవాడైతే మాకు తేలికగా ఉండేది. కానీ అతను మర్యాదస్తుడు. రోజూ ఆమెకు కూడా కాఫీ తెచ్చేవాడు, చెప్పింది శ్రద్ధగా వినేవాడు. "మీరు లేకపోతే నేనేమైపోయేవాణ్ణి మేడమ్" అని మనస్ఫూర్తిగా అనేవాడు. తిట్టుకోవడానికి కూడా ఏమీ మిగల్చలేదు. ఆ జూలై అంతా వెర్లీన్ పక్కన స్టూలు మీద కూర్చుని అతనికి పని అప్పజెప్పింది. కుర్చీలో అతను కూర్చునేవాడు.

ఆ ఆదివారాల్లో సాక్ష్యాల వేళ పాస్టరుగారి చూపు ఆమె బెంచీ దాకా వచ్చి పక్కకు తిరిగేది. ఆమె విసనకర్రతో విసురుకుంటూ కూర్చునేది. అంతలో మదర్ పెట్‌వే ఏదో ఒక పాట అందుకునేది. కేకు మాట ఎవరూ ఎత్తలేదు.

ఆగస్టులో తాళాల రోజు వచ్చింది. అంతకుముందే క్లియోఫస్ మమ్మల్నందరినీ చేర్చి, వెర్లీన్ కోసం నియమాన్ని ఒక్కసారి పక్కన పెడదామన్నాడు. చాలామందిమి సరేనన్నాం. ఆఖరి బెంచీలోంచి ఒకతను లేచాడు. ఆఫీసులో ఒక ఏడాది ఉండి వచ్చి, చివరికి పోయి, ఇప్పటికీ చివరి దాపునే ఉన్నవాడు. "నాకెవరూ పక్కన పెట్టలేదే?" అన్నాడు. కోపంగా కాదు, అడిగాడంతే. వెర్లీనే చెయ్యెత్తి, "కూర్చోండి బ్రదర్ క్లియోఫస్. చెయ్యెత్తి పెట్టుకున్న నియమాన్ని, చెయ్యెత్తినదాని కోసమే తిప్పేస్తారా" అంది.

పేర్లు పిలిచారు. మొదటి మనిషి లేచి గోడ దగ్గరికెళ్ళింది. ఏడో నంబరు తాళం అందరికీ ఎదురుగా, కంటికి సూటిగా ఉంది. దగ్గరి రూటు, నున్నటి రోడ్డు, ఎవరికైనా కావలసిందే. ఆమె చెయ్యి దాన్ని దాటి పక్క తాళం మీద పడింది. రెండో మనిషీ అంతే. మేమెవరం ముందుగా అనుకోలేదు. నా పేరు వచ్చినప్పుడు నేనూ దాటిపోయాను. గోడ ఖాళీ అవుతోంది, ఏడో నంబరు అలాగే వేలాడుతోంది.

అప్పుడు డెనీషా పేరు వచ్చింది. వెర్లీన్ లేని ఆ నెలల్లో ఏడో రూటు తిప్పింది ఆ పిల్లే. ఆమె కూతురికి ఉబ్బసం. ఆ చిన్నది ఏడో రూటు బడిలోనే చేరింది, అమ్మ బస్సులోనే పోయి వస్తుంది. ఈ సంగతి అందరికీ తెలుసు. డెనీషా గోడ ముందు నిలబడి చెయ్యి ఎత్తలేదు. మాలో ఒకామె గొణిగింది, "నువ్వు కూడా దాటెయ్, అంతమందిమి దాటాం కదా." ఇంకొకామె, "పసిదాని సంగతేం కాను?" అంది.

వెనకనుంచి వెర్లీన్ గొంతు వినిపించింది, రేడియోలో వినిపించినట్టే. "డెనీషా. అద్దం చూడు తల్లీ."

ఎవరికీ నవ్వు రాలేదు. డెనీషా తాళం తీసుకుని, తిరిగి వస్తూ వెర్లీన్ ముందు ఆగి ఏదో అనబోయింది. వెర్లీన్ ఆ పిల్ల చెయ్యి మడిచి తాళాన్ని గుప్పిట్లో పెట్టి, పొమ్మన్నట్టు తట్టింది.

ఆఖరికి ఆమె పేరు పిలిచారు. గోడ మీద ఒక్క తాళమే మిగిలింది. అది నలభై ఒకటి, జిల్లా పొలిమేర అవతల కొత్త ఇళ్ళకు పోయే రూటు. తెల్లవారకముందే బయల్దేరాలి, దారి పొడుగునా సిగ్నళ్ళు, బ్రేకు మీంచి కాలు తీయడానికి ఉండదు. పిలవాల్సిన అవసరం లేకపోయినా క్లియోఫస్ పూర్తి పేరుతో పిలిచాడు. అందరం లేచి నిలబడ్డాం. ఎందుకు లేచామో తెలియదు. ఆమె కుంటుకుంటూ వెళ్ళి తాళం తీసుకుంది.

అక్టోబరులో మా చర్చి పాత సేవకుడు బ్రదర్ ఓడెల్ చనిపోయాడు. సమాధి దగ్గర్నుంచి వచ్చాక కింద గదిలో భోజనాలు. అనుకున్నదానికంటే జనం ఎక్కువొచ్చారు. వేయించిన కోడి, ఆకుకూర, మొక్కజొన్న రొట్టె సరిపోయాయి గానీ తీపి తక్కువైంది. మదర్ పెట్‌వే కాసేపు వంటగదిలో అటూ ఇటూ తిరిగి, చివరికి ఫ్రీజర్ తెరిచింది.

కేకు బల్ల మీదికి వచ్చేసరికి పైన అక్షరాలు లేవు. కత్తితో గీకేసినచోట పాకం పలచబడి, ఒక పొడుగాటి మరక లాగా ఉంది. మదర్ పెట్‌వే ఎవరి వైపూ చూడకుండా ముక్కలు కోస్తోంది. వెర్లీన్ ప్లేటు పట్టుకుని ఆ వరసలోనే వచ్చింది. కేకును చూసింది. మా చేతులన్నీ ఆగిపోయాయి.

"ఆ మధ్య ముక్క నాకివ్వండి మదర్" అంది.

మా బల్ల దగ్గర కూర్చుని నెమ్మదిగా, పొడి కూడా మిగలకుండా తినేసింది. మదర్ పెట్‌వే వచ్చి ఆమె వీపు మీద చెయ్యి వేసింది.

"పాకం బాగా కుదిరింది" అంది వెర్లీన్.

"ఇంకోటి చేస్తాను బిడ్డా. రోజులు ఇలాగే ఉంటాయా."

"చేస్తే చెయ్యండి. పేరు మాత్రం రాయకండి."

రేపు తెల్లారకముందే బస్సు తీయాలని లేచింది. కుర్చీ వెన్ను పట్టుకుని, మోకాలిని అరచేత్తో నిమిరింది. దానితో ఏమైనా అంటుందేమోనని చూశాను. ఏమీ అనలేదు.