జెల్లీ దేవదానం

పద్దెనిమిదేళ్లుగా మా ఇంట్లో ఇడ్లీలు ఒక హాట్‌బాక్సులోంచి వస్తున్నాయి. దాని మూత తీసినప్పుడల్లా నాకు ఆకలి చచ్చిపోతుంది. పిండి సరిగా పొంగలేదేమోనని నా భార్య అనుకుంటుంది. పిండిలో లోపం లేదు. ఆ హాట్‌బాక్సు మాది కాదు, వేరే మనిషికి దక్కాల్సింది. ఈ మాట ఇన్నేళ్లూ గొంతులోనే ఉండిపోయింది. మీరు నన్ను ఎరగరు కాబట్టి మీకు చెబుతున్నాను.

విజయవాడలో మా చర్చి సంఘంలో ఏటా డిసెంబరు మొదట్లో, పండగకి ముందే సెమీ క్రిస్మస్ చేస్తారు. పాటలు, నాటిక, బిర్యానీ, మధ్యలో బైబిల్ క్విజ్. కాలేజీలో ఇంగ్లీషు చెప్పేవాణ్ణి కాబట్టి క్విజ్ మైకు నాకిచ్చేవారు. ఒకసారి చేతికొచ్చాక నేను ఇంకెవరికీ ఇచ్చేవాణ్ణి కాదు. పద్దెనిమిదేళ్ల కిందట ఓ ఏడాది, కొత్తగా ఉంటుందని, హాలీవుడ్ వాళ్లు తీసిన బైబిల్ సినిమాల మీద ఒక రౌండు పెట్టాను. అందుకోసం సినిమా విశేషాల పుస్తకం ఒకటి కొన్నాను. సగమే చదివాను.

దేవదానం గారు హనుమాన్ జంక్షన్‌లో సినిమా హాలు ఆపరేటరుగా పనిచేసి విజయవాడ వచ్చిన మనిషి. సంఘానికి కొత్త. సినిమా వాడికి ప్రార్థనేమిటని గొణిగేవాళ్లు ఉండేవారు. పిల్లలు మాత్రం ఆయన్ని వదిలేవారు కాదు. బైబిల్లోని మహాకాయుడు గొల్యాతు తెరమీద అంత ఎత్తుగా ఎలా కనిపిస్తాడో చెప్పడానికి, కెమెరా ఇక్కడుంటుందంటూ ఆయన నేలమీద పడుకుని మరీ చూపించేవారు. పండగ వెళ్లాక ఆయన్ని సండే స్కూలు టీచరుగా పెట్టాలని పాస్టరు గారు అనుకుంటున్నారు. ఆ సంగతి తెలిసి ఆయన కొత్త చొక్కా కూడా కుట్టించుకున్నారు.

చివరి ప్రశ్నకి రెండు జట్లూ సమానంగా ఉన్నాయి. ఒక జట్టులో నా భార్య, రెండో జట్టులో దేవదానం గారు. ఎర్ర సముద్రం రెండు పాయలైనట్టు సినిమాలో ఎలా చూపించారని అడిగాను. ఆయన ముందుగా లేచారు.

"జెల్లీతో చేశారండీ. రెండు ముక్కలుగా కోసి పెట్టి, వేడి చేసి కరగనిచ్చారు. ఆ రీలు వెనక్కి తిప్పితే సముద్రం విడిపోయినట్టు ఉంటుందండీ."

నా కార్డు మీద వేరే జవాబుంది. తొట్టెలోకి నీళ్లు గుమ్మరించి, ఆ రీలు వెనక్కి తిప్పారు. సగం జవాబు కలిసింది కదా, ఆగి ఆలోచించవచ్చు కదా? ఆలోచించలేదు. ఎదురుగా రెండొందల మంది, చేతిలో మైకు.

"దేవదానం గారూ, నేనడిగింది సినిమా గురించండీ, బర్త్‌డే పార్టీ గురించి కాదు" అన్నాను.

షామియానా అంతా ఒకటే నవ్వు. ఆయన కూడా నవ్వబోయి ఆగారు. "పుస్తకంలో ఉన్నదే రైటయ్యుంటుంది లెండి మాస్టారూ" అని కూర్చున్నారు. నా భార్య జట్టు ఆయన మాటల్లోంచే రీలు తిప్పడం పట్టుకుని, జెల్లీ బదులు నీళ్లంది. మార్కిచ్చాను. జట్టులో ముగ్గురికీ బహుమతిగా మూడు హాట్‌బాక్సులు.

మర్నాడు పొద్దున కాఫీ తాగుతూ పుస్తకం మిగతా సగం తీశాను. ఆ కథను హాలీవుడ్‌లో రెండుసార్లు తీశారట. రంగుల్లో తీసినప్పుడు నీళ్లు. మూకీల రోజుల్లో తీసినప్పుడు జెల్లీ. కోయడం, కరిగించడం, వెనక్కి తిప్పడం, అన్నీ ఆయన చెప్పినట్టే ఉన్నాయి. పుస్తకం మూసి బీరువా మీద పడేశాను.

వచ్చే ఆదివారం చెబుదాంలే అనుకున్నాను. ఆ ఆదివారానికే పిల్లలు ఆయన్ని జెల్లీ దేవదానం అంటున్నారు. తర్వాత పెద్దలూ అన్నారు. పెళ్లి భోజనాల్లో స్వీటు వడ్డించేటప్పుడు, జెల్లీ లేదా అని ఎవరో ఒకరు ఆయన వైపు చూసి అడిగేవారు. గుమ్మడికాయల దొంగ అంటే భుజాలు తడుముకున్నట్టు, ఆ మాట వినబడితే నేను చెప్పులు వెతుక్కునేవాణ్ణి. పాస్టరు గారు సండే స్కూలు సంగతి ఎత్తితే, "నాకేం తెలుసండీ, పిల్లలకి తప్పులు నేర్పుతాను" అన్నారట దేవదానం గారు. ఆ తరవాత ఆయన వెనక వరసకి మారారు. ఎవరేం అడిగినా నాకు తెలీదండీ అనడం అలవాటు చేసుకున్నారు.

నేనెందుకు నోరు విప్పలేదు? భార్య జట్టుకి గెలుపు కట్టబెట్టానంటారనా? కాదు, అది నాకు నేను చెప్పుకున్న సాకు. సినిమా హాల్లో రీళ్లు తిప్పే మనిషికి తెలిసింది ఇంగ్లీషు లెక్చరరుకి తెలియలేదని ఒప్పుకోవాలి. అది నావల్ల కాలేదు. కాలు జారితే తీసుకోవచ్చు గానీ నోరు జారితే తీసుకోలేమంటారు. నేను తీసుకోగలిగేవాణ్ణి. ఒక్క ఆదివారం, ఒక్క వాక్యం చాలు. చేతగానితనానికి సామెత అడ్డం పెట్టుకోవడం కూడా నాకు చిరాకే.

పోయిన వారం సంఘం వాట్సాప్ గ్రూపులో ఎవరో ఒక వీడియో పెట్టారు. హాలీవుడ్ గురించి మీకు తెలియని విశేషాలట. అందులో మొదటిది ఎర్ర సముద్రం, జెల్లీ. ఆనాడు పగలబడి నవ్విన వాళ్లే ఔరా అంటూ చేతులు జోడించిన బొమ్మలు పెట్టారు. ఒక్కరికీ ఆ రోజు గుర్తు రాలేదు. నాకు ఒళ్లు మండిపోయింది. మండాల్సింది వాళ్ల మీదా? కాసేపటికి దేవదానం గారి మెసేజీ వచ్చింది.

"ఇది నాకు తెలీదండీ. మంచి విషయం. థాంక్సండీ."

ఆయనకు తెలుసు. నాకంటే ముందు, ఆ గ్రూపులో అందరికంటే ముందు తెలుసు. తెలిసిందాన్ని తెలియదనుకునే దాకా ఆ మనిషిని తెచ్చింది నేను. గ్రూపులో ఆ మాట టైపు చేశాను. చెరిపేశాను. మళ్లీ చేశాను, మళ్లీ చెరిపేశాను.

అక్కడ రాయలేనిది ఇక్కడ రాస్తున్నాను. ఆ రోజు జవాబు జెల్లీయే. దేవదానం గారు చెప్పింది రైటు. మర్నాడు పొద్దుటికే నాకు తెలుసు.